చేతిలో ఉండిపోయిన డార్టు

ఇంకా గంట ఉంది. గంటంటే అరవై నిమిషాలేనని బళ్ళో చెప్పారు గానీ, ఆ చెప్పినవాళ్ళెవరూ ఇలా రెండొందల ఖాళీ కుర్చీల మధ్య, ఆకుపచ్చ గుడ్డ కప్పిన విగ్రహానికి ఎదురుగా కూర్చుని ఉండరు, అనుకున్నాడు మైకు. ఆయన అసలు పేరు ఏ రిజిస్టర్లోనో ఉండే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు పగళ్ళు బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆగకుండా పోతుందో అరిచి చెప్పాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ సాయంత్రాలు డార్ట్స్ క్లబ్బులో ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారో అరిచి చెప్పాడు. దాంతో ఊరందరికీ ఆయన మైకే. పెళ్ళానికి విసుగొస్తే 'కాస్త ఆపండి' అనదు, 'మీకు స్విచ్చి ఎక్కడ పెట్టారు' అంటుంది. ఇవాళ ఆయన పని చాలా చిన్నది. పోయిన ఏడాది చనిపోయిన సూదన్నకి క్లబ్బు బోర్డువాళ్ళు కంచు విగ్రహం పోయించారు. సూదన్న భార్య తాడు లాగుతుంది, గుడ్డ జారుతుంది, వెంటనే ఈయన లేచి పూర్వంలాగా 'నూట ఎనభై' అని ఒక్క కేక వెయ్యాలి. మూడు డార్టులతో ఎవరైనా కొట్టగలిగేది మహా అయితే నూట ఎనభై, సూదన్న కోసం ఆ కేక ఎన్నిసార్లు వేశాడో గొంతుకే తెలియాలి. కంచు బొమ్మ ముందు కంచు గొంతు, బేరం బాగానే కుదిరింది. కేకదేముంది, వెయ్యొచ్చు. కానీ పొద్దున్నే గుడ్డ కట్టడానికి ఓ చెయ్యి వెయ్యమంటే వేశాడు, మూల జారింది, కింద ఉన్నది కళ్ళబడింది. ఆమె ఇంకా చూడలేదు. ఇంకాసేపట్లో వస్తుంది. తాడు చేతిలోకి తీసుకునేలోపు చెప్పాలి. చెప్పాలంటే ఒకటి కాదు, రెండు చెప్పాలి. మొదటిది బోర్డువాళ్ళు చేసింది. రెండోది తను చేసింది.

వేదిక మీద ఎవరో మైకు పరీక్షిస్తున్నారు, అసలు మైకుని. హలో హలో ఒకటి రెండు మూడు. లెక్క మూడు దాటదు వాళ్ళకి. ఈయన లెక్క పదిదాకా వెళ్ళేది, అదే వచ్చిన చిక్కు, వద్దు, దాని దగ్గరికి ఇప్పుడే వద్దు, ఇంకా టైముంది. ముందు చెయ్యి గురించి. సూదన్న చెయ్యి చూస్తే చెయ్యి అనబుద్ధి కాదు, సన్నగా, పొడి చర్మంతో, చూపుడువేలి చివర సూది పోట్లతో బొంగరంలా గట్టిపడి. దర్జీపని ఆయనది. ముందుగదిలో మిషను, గోడకి టేపు, చెవి మీద సుద్దముక్క. అందరికీ చొక్కాలు కుట్టాడు గానీ ఎవరి మీదా కుట్ర చెయ్యలేదు, ఆ డిపార్టుమెంటు బోర్డువాళ్ళు చూసుకున్నారు. క్లబ్బుకి మొదట ఆటకి రాలేదాయన, కిటికీ తెరలకి కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. ఎవరో వేళాకోళానికి మూడు డార్టులు చేతిలో పెట్టి, సూదులే కదన్నా, గుచ్చు అన్నారు. గుచ్చాడు. మిగతావాళ్ళంతా డార్టు విసిరేవాళ్ళు, ఈయన మాత్రం ఎనిమిది అడుగుల దూరం నుంచి చెయ్యి చాచి తగిలించి వచ్చినట్టు గుచ్చేవాడు. ఆ మొదటి మూడూ ఇరవై అంకె కింద, ఒక్కో డార్టుకి అరవై ఇచ్చే ఎర్రటి సన్న గడిలోకే, ఒకదాని భుజం మీద ఇంకొకటి చెయ్యి వేసుకున్నట్టు. తను కేక వేశాడు. 'అంతలా అరిచారేంటండీ, ఏమైనా తప్పు చేశానా' అన్నాడు దర్జీ. ఆ రోజు తెరల కొలత తీసుకోవడం మర్చిపోయాడు. ఆ కిటికీకి ఇప్పటికీ తెరలు లేవు. ఆ రోజు నుంచి ఊరికి సూదన్న, తనకి మాత్రం బావ, ఎందుకో ఆ పిలుపే నోట్లోంచి వచ్చింది, ఆయన కాదనలేదు. ఆయన భార్య చెల్లెమ్మ అయింది.

'మైకుగారూ, గొంతెలా ఉంది?' అధ్యక్షుడు. అధ్యక్షుడిది పెయింట్ల కొట్టు, అందుకే ఏ గాలికి ఏ రంగో బాగా తెలుసు. డార్టు ఏ వైపు నుంచి పట్టుకోవాలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు. అసలు బోర్డులు రెండు రకాలు కదా. గోడకున్న బోర్డులో ఇరవై గళ్ళు, ప్రతిదానికీ ఓ అంకె. బల్ల చుట్టూ కూర్చునే బోర్డులో ఏడుగురు, ఒక్కరూ లెక్కలోకి రారు. మొదటిది పోట్లు తింటుంది, రెండోది బిస్కెట్లు తింటుంది.

'గొంతు బాగానే ఉంది సార్. ఆ విగ్రహం చెయ్యే...'

'చూశారా? ఆ వేళ్ళు చూశారా? గోళ్ళతో సహా దింపాడండీ. ఫోటో అంత స్పష్టంగా ఉండబట్టి గానీ.'

'అది ఏ రోజు ఫోటోనో తెలుసా సార్?'

'పేపర్లో వచ్చిందే. మిగతావన్నీ చూశాం మైకుగారూ, ఒక్కదాంట్లోనూ చేతిలో డార్టు లేదు. డార్టు లేకుండా డార్టుల వీరుడేమిటి, చెయ్యి చాచి బస్సు ఆపుతున్నట్టుంటాడు.'

'అది ఆయన ఓడిపోయిన రోజుది సార్. ఆఖరి రోజుది.'

'గెలిచాడో ఓడాడో కంచుకేం తెలుస్తుందండీ' అని భుజం తట్టి, టీ ఎక్కడ అనుకుంటూ వెళ్ళిపోయాడు. కంచుకి తెలియదు, నిజమే. కంచుకి తెలియకపోవడం సహజం, అదే పనిగా కూర్చున్న ఏడుగురికి తెలియకపోవడం ఎలా సాధ్యమో. బావ చేతిలో డార్టు ఉన్న ఫోటో ఎందుకు లేదంటే, ఉండేది కాదు గనక. చెయ్యి లేవడం, డార్టు వెళ్ళడం, బోర్డులో టక్కుమనడం, మూడూ ఒకటే. ఫోటోలవాళ్ళు తిట్టుకునేవాళ్ళు, మేం నొక్కేలోపు అయిపోతుందండీ, కాస్త నెమ్మదిగా విసరమని చెప్పండి అనేవాళ్ళు. అందుకే ఆయన గెలిచిన ప్రతి ఫోటోలోనూ చెయ్యి ఖాళీగానే ఉంటుంది, వేళ్ళు విచ్చుకుని, ఇప్పుడే ఎవరికో ఏదో ఇచ్చేసినట్టు. అది ఆయన బొమ్మ. కంచులో పొయ్యాల్సింది ఆ ఖాళీ చెయ్యి. దాన్ని వదిలేసి, చెయ్యెత్తి, వేళ్ళు బిగించి, డార్టు పట్టుకుని నిలబడ్డ మనిషిని పోశారు. ఏ రోగంతో ఆయన ఆట పోయిందో ఆ రోగానికి విగ్రహం కట్టి, తాడు లాగడానికి భార్యని పిలిచారు. కాలు విరిగి పోయినవాడికి విరిగిన కాలితో విగ్రహం పెడతారా? పెట్టరు. చెయ్యి విరగలేదు గనక, బిగుసుకుంది గనక, బిగుసుకోవడం చూడ్డానికి గురి చూసినట్టు ఉంటుంది గనక, వీళ్ళకి దొరికిపోయింది.

మొదటిసారి అయినప్పుడు హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ముప్ఫై రెండు పాయింట్లు మిగిలాయి, బయటి అంచున, పదహారుకి రెట్టింపు ఇచ్చే గడిలో ఒక్కటి పడితే ఆట అయిపోతుంది. ఆ గడి బావకి మిషను కింద తొక్కుడుపలక లాంటిది, కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది. చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. జనం ఊపిరి బిగబట్టారు, తర్వాత వదిలారు, తర్వాత దగ్గారు, వెనకెవరో నవ్వారు. ఎంతసేపటికో డార్టు వదిలింది, నేల మీదికి. ఆ తర్వాత వారానికోసారి, తర్వాత రోజూ. డాక్టరు చెయ్యి తిప్పి చూసి, నరం బాగుంది, ఎముక బాగుంది, మీరే బాగాలేరేమో అన్నాడు. చొక్కాకి గుండీలు కుట్టేటప్పుడు అదే చెయ్యి సుబ్బరంగా ఆడేది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కేది. అది చూసినవాళ్ళు, చూశావా, అంతా నటన, ఓడిపోతానని భయం, అన్నారు. 'నా వేళ్ళు నేను వదలమంటే వినట్లేదు బావా' అన్నాడో రోజు తన ఇంటి అరుగు మీద కూర్చుని. వెంటనే తను 'వేళ్ళకి చెవులెక్కడివి బావా వినడానికి' అన్నాడు. నవ్వాడాయన. ఎప్పుడూ నవ్వేవాడు. తన మాటలకి నవ్వే మనుషులుంటారనే కదా తను ఇన్నేళ్ళూ మాటలు విసిరింది. ఏదో ఒకటి అనాలి. అనకుండా ఉండటం చేతకాదు. డార్టు ఆయన వేళ్ళని వదలకపోతే, మాట తన నోట్లో ఆగదు. రెండూ రోగాలే, ఒకదానికి మాత్రం చప్పట్లు కొడతారు.

ఉత్తరం. సరే, వచ్చేసింది, తప్పించుకుంటే మాత్రం ఎంతసేపు. కాగితం మీద దర్జీ అక్షరాలు, ఒక్కోటీ కుట్టినట్టు సమానంగా. గౌరవనీయులైన సభ్యులకు, నా చెయ్యి ఈ మధ్య డార్టును వదలడం లేదు, ఇంట్లో నా భార్య పక్కన నిలబడి మోచేతిని వేలితో తాకితే వదులుతోంది, గురి చూసేది నేనే, విసిరేది నేనే, ఆమె తాకడం మాత్రమే, పోటీల్లో ఆమెను నా పక్కన నిలబడనివ్వవలసిందిగా ప్రార్థన. అంతే. ఐదు వాక్యాలు ఉంటాయేమో. బోర్డు మీటింగులో ఉత్తరాలు చదివేది తనే, గొంతు ఉందిగా. ఏడుగురూ బిస్కెట్లు నములుతున్నారు. మామూలుగా చదివి ఊరుకోవచ్చు. చదివాడు కూడా. చదివి, కాగితం మడిచి, ఒక్క క్షణం ఆగాడు, ఆ ఆగడంలోనే ఉంది పాపమంతా, ఎందుకంటే ఎవరైనా నవ్వబోయేముందు హాలు ఎలా నిశ్శబ్దంగా ఉంటుందో తనకి తెలుసు, ఆ నిశ్శబ్దాన్ని ఖాళీగా వదిలెయ్యడం తన వల్ల కాలేదు. బస్టాండు గొంతు తీశాడు. 'ప్రయాణికులకు గమనిక. సూదన్నగారి డార్టు పెళ్ళాం తోస్తే తప్ప బయలుదేరదు.'

అబ్బ, ఎంత నవ్వారు. కార్యదర్శికి టీ ముక్కులోకి పోయింది. అధ్యక్షుడు బల్ల చరిచాడు. ఆ నవ్వు ఆగకముందే ఎవరో, అసలు ఈ నిలబడ్డాలకి ఓ హద్దు పెట్టాలండీ, పది సెకన్లు, పదిలో విసరకపోతే ఆ డార్టు పోయినట్టే అన్నారు. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. తనూ ఎత్తాడు, ఆటగాళ్ళ తరఫున లెక్కచెప్పేవాడికి ఓ ఓటుంది. నవ్వుతూనే ఎత్తాడు. ఇంటికి వెళ్ళేదాకా తెలియనేలేదు దేనికి ఎత్తాడో. తర్వాత తనకి తాను చెప్పుకున్నాడు, పోనీ మంచిదేలే, అంతమందిలో అంతసేపు అలా నిలబడే అవమానం తప్పుతుంది బావకి అని. దయ అని పేరు పెట్టుకున్నాడు. ఏ బస్సు ఎక్కడికి పోతుందో ముప్ఫై ఏళ్ళు చెప్పినవాడికి పేరు పెట్టడం ఎంతసేపు.

ఆ రూలు కింద మొదటి ఆట బావదే. బావకి ఆఖరిదీ అదే. లెక్కపెట్టింది తనే. మళ్ళీ అదే ముప్ఫై రెండు, అదే గడి. చెయ్యి లేచింది. ఒకటి. రెండు. మామూలుగా కేక వేసి గెలిపించిన గొంతుతో. మూడు, నాలుగు. అవతలి ఆటగాడు, నెరిసిన గడ్డం, ఎడమచేతివాటం, తల దించుకున్నాడు, వాడికున్న సిగ్గు తనకి లేకపోయింది. ఏడు దగ్గర బావ ఇటు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతూ కాదు. బస్సు రద్దయిందని తెలిశాక ప్రయాణికులు ఎనౌన్సర్ గది అద్దం వైపు చూస్తారే, అలా, ఇంక ఎలాగూ రాదని తెలిసీ. ఎనిమిది. తొమ్మిదికీ పదికీ మధ్య ఎంత కావాలంటే అంత ఆగొచ్చు, గొంతు తనది, ఎవడు కొలిచాడు. ఆగలేదు. పెళ్ళాం పక్కన నిలబడటానికి బోర్డువాళ్ళు ఒప్పుకోలేదు గనక చెల్లెమ్మ వెనక వరసలో కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని. పది. ఆ పది సెకన్లు బావ కదలకుండా నిలబడ్డాడు గనక, జీవితంలో మొదటిసారి ఫోటోవాడు తాపీగా వంగి, సరిచూసుకుని, స్పష్టమైన ఫోటో తీసుకున్నాడు. ఇదిగో, గుడ్డ కింద ఉన్నది.

నిజంగా గౌరవించాలంటే ఏం చెయ్యాలి? అడిగినవాళ్ళెవరూ లేరు, అడిగితే మాత్రం చెప్పడానికి ఉంది. కంచు అక్కర్లేదు. ఒక కాగితం తీసి ఆ రూలు కొట్టెయ్యాలి. గీత దగ్గర నిలబడ్డవాడికి వాడికి కావాల్సినంత సేపు ఇవ్వాలి, పక్కన ఒక మనిషి నిలబడటానికి చోటివ్వాలి, భార్యో, తమ్ముడో, ఎవరో ఒకరు. క్లబ్బులో ఆ గోడ మీద ఇలా రాయాలి, ఇక్కడ ఒక మనిషి సాయం అడిగాడు, మేం నవ్వాం. ఇంత చిన్నది. విగ్రహం కన్నా చవక. కానీ దానికి వీళ్ళ చేతులు లేవాలి, ఆ చేతులు బిస్కెట్ల మీద నుంచి లేవవు.

కుర్చీలు నిండుతున్నాయి. ఎప్పుడు వచ్చిందో, పక్క కుర్చీలో కూర్చుంది చెల్లెమ్మ. ముదురు నీలం చీర, చేతిలో చిన్న సంచీ, ఇంకా కుట్టుపని మానలేదని చెప్పే కళ్ళద్దాలు.

'భోజనం చేసి వచ్చారా అన్నయ్యా?'

'పదకొండు కాలేదు చెల్లెమ్మా, అప్పుడే భోజనమేమిటి.'

'మీ మొహం చూస్తే పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేదు. ఏమిటి సంగతి?'

చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. జోకు లేకుండా మాట్లాడటం ఎలా మొదలుపెడతారో మర్చిపోయాడు. 'ఆ గుడ్డ కింద' అన్నాడు. ఆగాడు. 'బావ చెయ్యి ఎత్తి ఉంది. డార్టు చేతిలోనే ఉంది. ఆ రోజు ఫోటో చూసి పోశారు.'

ఆమె గుడ్డ వైపు చూసింది. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. 'పోతపోసినతను మా ఇంటికొచ్చాడు. ఆయన ఏ కాలు ముందుకి పెట్టేవారని అడిగాడు. చొక్కా చేతులు మడిచేవారా అని అడిగాడు. చెయ్యి గురించి అడగలేదు, అది తెలుసనుకున్నాడు కాబోలు.'

'నువ్వు లాగొద్దు. ఒంట్లో బాగాలేదని చెప్తాను.'

'నేను లాగకపోతే ఇంకొకరు లాగుతారు. తాడు కట్టారుగా.'

'ఇంకోటి ఉంది చెల్లెమ్మా. ఆ ఉత్తరం. మీరిద్దరూ రాసిన ఉత్తరం. అది కాదనడానికి కారణం...'

'తెలుసు' అంది.

'తెలియదు. ఆ రోజు నేను...'

'ప్రయాణికులకు గమనిక' అంది ఆమె, మెల్లగా. 'ఆయన బయట బెంచీ మీదే ఉన్నారు అన్నయ్యా, ఏమంటారో వినిపోదామని. ఆ తలుపు పల్చన, మీ గొంతు పెద్దది. ఇంటికొచ్చి మీ గొంతుతోనే అనుకరించి చెప్పారు. బాగా అన్నాడే, అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.'

నవ్వుకున్నారు. ఆ మాటతో ఒక్క క్షణం ఛాతీ మీద నుంచి ఏదో దిగబోయింది, సిగ్గులేని ఛాతీ, క్షమించేశారనుకుంది.

'మర్నాటి నుంచి నన్ను పక్కన నిలబడనివ్వలేదు' అంది ఆమె. 'ఇంటి వెనక గోడకి బోర్డు పెట్టుకుని పొద్దున్నే నిలబడేవారు. చెయ్యి ఎత్తి, అలాగే. నేను టీ తెచ్చి పెట్టేదాన్ని, చల్లారిపోయేది. వేలు పెట్టబోతే, వద్దు, తోస్తే కదిలే బండిని కాదు, అనేవారు. నవ్వుతూనే అనేవారు. రెండేళ్ళన్నయ్యా. ఒక్క వేలు.'

ఏదైనా అనాలి. జీవితంలో మొదటిసారి, ఎదురుగా నిశ్శబ్దం ఉంది, అందులో పెట్టడానికి ఏమీ లేదు. తప్పయిందని అన్నాడో, అనుకున్నాడో. ఆమె సంచీ సర్దుకుంటోంది, పిలుస్తున్నారు. అధ్యక్షుడు మైకులో ఆట అంటే ఏమిటో, ఆదర్శం అంటే ఏమిటో చెప్పాడు, సూదన్న సూది లాంటివాడన్నాడు, సూదిమొనంత వినయమన్నాడు, ఇవన్నీ తను ఎప్పుడో వాడి పారేసిన మాటలే. మూడో వరసలో ఆ ఎడమచేతివాటం ఆటగాడు, అదే నెరిసిన గడ్డంతో, ఒళ్ళో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక నిమిషం మౌనం పాటించారు. నిమిషం. ఆరు పదులు. చనిపోయినవాడికి ఇవ్వడానికి ఎంత ఉందో వీళ్ళ దగ్గర.

ఆమె తాడు లాగింది. గుడ్డ విగ్రహం భుజం దగ్గర చిక్కుకుంది, ఇంకోసారి లాగింది, జారింది. చెయ్యి. వేళ్ళు. గోళ్ళు. డార్టు. చప్పట్లు మోగాయి. పేపరువాళ్ళు ముందుకు తోసుకొచ్చారు, ఈసారి ఎవరికీ తొందర లేదు, కదిలేది కాదుగా.

'ఎలా ఉందమ్మా?' అన్నాడు అధ్యక్షుడు, మైకు పక్కకి తిప్పడం మర్చిపోయి.

'అచ్చం ఆయనలాగే ఉందండీ' అంది ఆమె, విగ్రహాన్నే చూస్తూ. 'చివరి రెండేళ్ళూ ఇలాగే నిలబడేవారు.'

'విన్నారా' అన్నాడు అధ్యక్షుడు హాలుకి తిరిగి. 'వారి శ్రీమతిగారే అంటున్నారు. అచ్చం ఇలాగే ఉండేవారట.' చప్పట్లు రెట్టింపయ్యాయి. మూడో వరసలో ఒక కుర్చీ వెనక్కి జరిగింది. నెరిసిన గడ్డం ఎవరినీ చూడకుండా గుమ్మం వైపు నడిచింది. మైకు తెచ్చి ఈయన చేతిలో పెట్టారు, ఊఁ కానివ్వండి అని కళ్ళతో. రెండొందల మొహాలు కేక కోసం ఎత్తి ఉన్నాయి.

'ఆ పది సెకన్ల రూలు తీసెయ్యండి' అన్నాడు. కేక కాదు, మామూలు గొంతు, ఆ గొంతు తనకుందని తనకే కొత్త. 'ఉత్తరాన్ని నవ్వులపాలు చేసింది నేను. చెయ్యెత్తింది మనందరం. ఈ బొమ్మ వద్దు. ఆ రూలు తీసెయ్యండి, చాలు.'

ముందు వరసవాళ్ళు, ఇదీ కార్యక్రమంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. వెనకవాళ్ళు వాళ్ళని చూసి కొట్టారు. అధ్యక్షుడు నవ్వు చెదరకుండా దగ్గరికి వంగి, 'అది ఇవాళ్టి అజెండాలో లేదు మైకుగారూ' అన్నాడు.

ఆమె అప్పటికే మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆయన అటు నడిచాడు, చేతిలో ఏముందో చూసుకోకుండా. అందుకే ఆమె అన్న మాట హాలంతటికీ వినిపించింది, గోడల దాకా, గుమ్మం అవతలి దాకా.

'నెమ్మదిగా దిగండి అన్నయ్యా. మొదటి మెట్టు ఎత్తుగా ఉంది.'

దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.